బార్సిలోనాకు ఆరు లక్షలా? ముందు అనంతపురం వెళ్లి రండి

ప్రశ్న: మేం గుంతకల్లులో ఉంటాం. నేను రైల్వేలో టెక్నీషియన్‌ని. మా అబ్బాయికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. నవంబరులో పుట్టాడు. ఫుట్‌బాల్ తప్ప వేరే ధ్యాస లేదు. మొన్న అండర్-14 ఎంపికల్లో ‘ఆట బాగుంది, మనిషి చిన్నగా ఉన్నాడు’ అని పక్కన పెట్టారు. వయసు రెండేళ్లు తగ్గేలా పుట్టిన తేదీ మార్చి కొత్త సర్టిఫికెట్ తెస్తానని మా బావమరిది అంటున్నాడు. బెంగళూరులో ఒకాయన ఆరు లక్షలు కడితే స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్ అకాడమీలో ట్రయల్స్ పెట్టిస్తానని, నచ్చితే ఆటా చదువూ అక్కడేనని చెబుతున్నాడు. వాళ్లమ్మేమో ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పిద్దామంటుంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆరు లక్షలు ఇవ్వకండి. మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు గానీ ఇది ఈ రోజే తేలిపోవాలి.

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా బదిలీ నిబంధనల్లో 19వది ఏమంటుందంటే, పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడిని మరో దేశపు క్లబ్బులో నమోదు చేయకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని పని మీద ఆ దేశానికి కాపురం మార్చినా, ఐరోపా సమాఖ్య దేశాల మధ్య పదహారు దాటిన పిల్లలైనా, సరిహద్దు పక్క ఊళ్లవారైనా ఒప్పుకుంటారు. గుంతకల్లు ఇందులో దేనికిందికీ రాదు. ఈ నిబంధన మీరినందుకు 2014లో ఫిఫా శిక్షించింది సాక్షాత్తు బార్సిలోనానే. రెండు బదిలీ సీజన్లపాటు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోనివ్వలేదు. అలా చేతులు కాల్చుకున్న క్లబ్బు ఇప్పుడు బెంగళూరు మధ్యవర్తి మాట మీద మీ వాడిని చేర్చుకుంటుందా? ఆయన చూపించేది బహుశా డబ్బు కట్టిన పిల్లలందరినీ తీసుకునే శిక్షణ శిబిరం అయి ఉంటుంది. పెద్ద క్లబ్బుల పేరుతో ఫీజు మీద నడిచే శిబిరాలు చాలా ఉన్నాయి. అవి మోసం కావు, కానీ క్లబ్బు యువజట్టుకు అవి దారీ కావు.

మెస్సీ పదమూడేళ్లకే అర్జెంటీనా నుంచి వెళ్లాడు కదా అని మీ వాడు అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. అది 2000 సంవత్సరం. పిల్లల బదిలీల మీద ఈ కట్టడి 2001లో వచ్చింది.

అసలు పెద్ద క్లబ్బులు పిల్లలను ఎందుకు పెంచుతాయో తెలిస్తే మీకు దారి కొంత కనిపిస్తుంది. ఐరోపా పోటీలకు క్లబ్బులు ఇచ్చే 25 మంది జాబితాలో 8 స్థానాలు స్థానికంగా తయారైనవారికి కేటాయించాలి. వారిలో కనీసం నలుగురు 15 నుంచి 21 ఏళ్ల మధ్య మూడేళ్లయినా ఆ క్లబ్బులోనే పెరిగినవారై ఉండాలి. లేకపోతే ఆ స్థానాలు ఖాళీగా పోతాయి. ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. ఆటగాడు మరో దేశపు క్లబ్బుకు అమ్ముడుపోతే, 12 నుంచి 23 ఏళ్ల వయసులో అతనికి శిక్షణ ఇచ్చిన క్లబ్బులన్నీ ఆ సొమ్ములో 5 శాతం పంచుకుంటాయి. ఇక పట్టుదల సంగతి చెప్పాలంటే, మాంచెస్టర్ యునైటెడ్ 1937 అక్టోబరు నుంచి సొంత అకాడమీ కుర్రవాడు ఒక్కడైనా లేకుండా మ్యాచ్ జట్టును ప్రకటించలేదు. స్పెయిన్‌లోని అథ్లెటిక్ బిల్బావో బాస్క్ ప్రాంతంలో పుట్టినవారితోనో, అక్కడ ఆట నేర్చినవారితోనో మాత్రమే ఆడుతుంది. అయినా ఆ దేశపు మొదటి శ్రేణి లీగ్ నుంచి ఇప్పటివరకు కిందికి జారలేదు.

వీటన్నిటికీ మూలం దగ్గరితనం. బార్సిలోనా అకాడమీ లా మాసియా పేరు వినగానే ప్రపంచం నలుమూలల నుంచి ఏరి తెచ్చిన పిల్లలనుకుంటాం. కానీ ఆ క్లబ్బు ఆటగాడు లమీన్ యమాల్ ఆ నగరానికి దగ్గర్లోని మతారోలో పెరిగాడు, ఏడేళ్లకే చేరాడు, 2023 ఏప్రిల్‌లో పదిహేనేళ్లకు పెద్ద జట్టులో ఆడాడు. అదే క్లబ్బు మాజీ ఆటగాడు ఇనియెస్టా మరో ప్రాంతపు చిన్న ఊరి నుంచి పన్నెండేళ్లకు వచ్చి హాస్టల్లో ఉన్నాడు. అదైనా సొంత దేశంలోనే. ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో రోజూ సాధన, వారాంతంలో మ్యాచ్, పక్కనే బడి. ఇది విమానం టికెట్టుతో దొరికే వస్తువు కాదు. ఇంటికి అందే దూరంలో ఎక్కడుందో వెతకాలి.

మీకు అది వంద కిలోమీటర్ల లోపే ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థకు అనంతపురంలో క్రీడాగ్రామం ఉంది. టెన్నిస్ దిగ్గజం నడాల్ 2010లో అక్కడ టెన్నిస్ పాఠశాల తెరిచిన సంగతి మీరు వినే ఉంటారు. ఫుట్‌బాల్‌కు హాస్టల్ వసతితో అకాడమీ కూడా అక్కడే నడిచింది, స్పెయిన్ లీగ్ సంస్థ లా లిగాతో కలిసి పనిచేసింది. ఈ ఏడాది ప్రవేశాలెప్పుడు, ఏ వయసువారికి అన్నది స్వయంగా వెళ్లి అడగండి. ఫోనులో అడిగితే ఆట చూడకుండా మాట చెబుతారు. కడప పుట్లంపల్లిలోని ప్రభుత్వ క్రీడా పాఠశాల మంచిదే, కానీ అక్కడ పిల్లలను ప్రాథమిక తరగతుల్లోనే తీసుకుంటారు, మీకు ఆ సమయం దాటింది. బడి తరఫున సుబ్రతో కప్ వంటి పోటీలకు వెళ్లే అవకాశం గురించి వ్యాయామ ఉపాధ్యాయుడిని ఇప్పుడే అడగండి. జిల్లాలో ఆగిపోయినా మంచి జట్లతో ఆడిన అనుభవం మిగులుతుంది.

ఇప్పుడు మీ బావమరిది సంగతి. ఆయన ప్రేమతోనే అంటున్నారు, అయినా వినకండి. మీరు రైల్వే ఉద్యోగి. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ తప్పు పడితే ఎంత తలనొప్పో మీకు నేను చెప్పాలా? పదో తరగతి సర్టిఫికెట్‌లో పడే తేదీయే ఉద్యోగానికైనా పాస్‌పోర్టుకైనా ఆధారమవుతుంది. ఆటలోనూ ఇది దాగదు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఎముకల ఎదుగుదలను చూసే పరీక్షను వాడుతోంది. ఎడమ చేతి మణికట్టును ఎక్స్-రే తీసి వయసు అంచనా కడతారు. ఫిఫా అండర్-17 ప్రపంచ కప్‌లకైతే మణికట్టుకు ఎంఆర్ఐ చేస్తారు. దొరికితే పోయేది ఒక్క మ్యాచ్ కాదు. దొరక్కపోయినా నష్టమే. తనకంటే రెండేళ్లు చిన్నవాళ్లను తోసుకుంటూ ఆడిన పిల్లవాడికి ఒంటి బలం తప్ప ఇంకేమీ పట్టుబడదు. పద్దెనిమిదేళ్లకు అందరూ సమానంగా ఎదిగేసరికి అది చెల్లదు.

మీ అబ్బాయిని పక్కన పెట్టడానికి కారణం కూడా పుట్టిన నెలలో ఉండవచ్చు. వయసు లెక్క జనవరి ఒకటి నుంచి వేస్తారు కాబట్టి నవంబరు పిల్లవాడు తనకంటే పది నెలలు పెద్దవాళ్లతో పోటీపడతాడు. పదమూడేళ్ల వయసులో పది నెలలంటే అరచేయంత ఎత్తు తేడా రావచ్చు. ప్రపంచమంతటా యువజట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవారు ఎక్కువగా కనిపించేది ఇందుకే. ఇంగ్లండులో కొన్ని పోటీలను పుట్టిన తేదీని బట్టి కాక శరీర ఎదుగుదలను బట్టి జట్లు కట్టి నిర్వహించారు. మన ఎంపికల్లో అంత ఓపిక ఎవరికుంది, పొద్దున్నే వచ్చి మధ్యాహ్నానికి జాబితా అతికించి వెళ్లాలి! అందుకని ఒక్క ఎంపికతో వాడిని తేల్చేయకండి. 2010లో ప్రపంచ ఉత్తమ ఆటగాడి పురస్కారానికి చివరి ముగ్గురుగా నిలిచిన మెస్సీ, ఇనియెస్టా, చావి ముగ్గురూ లా మాసియాలో పెరిగినవారే, ముగ్గురూ పొట్టివారే. చిన్న మనిషికి బంతి రాకముందే తల తిప్పి చుట్టూ చూసే అలవాటు కావాలి. రెండు కాళ్లతో పాస్ ఇవ్వడం రావాలి. ఈ రెండూ రైల్వే మైదానంలో రోజుకు గంట సాధనతో నేర్వదగినవే.

వాళ్లమ్మ భయాన్ని కొట్టిపారేయకండి. పేరున్న అకాడమీల్లో చేరిన పిల్లల్లోనూ ఆటతోనే బతికేవారు చాలా తక్కువ. అయితే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఉదయం నుంచి రాత్రి వరకు కూర్చోబెడితే ఆట ఆ నెలలోనే ముగిసిపోతుంది. పదో తరగతి వరకు మామూలు బడి, గణితం, ఇంగ్లిషు గట్టిగా, సాయంత్రం మైదానం. ఈ మాటకు ఇద్దరూ ఒప్పుకోండి. ‘రెండేళ్లు చదువు ఆపేద్దాం, తర్వాత చూసుకుందాం’ అనే కోచ్ దగ్గర మాత్రం చేర్చకండి. రాష్ట్రం తరఫున ఆడే దాకా వెళ్తే ఉద్యోగాల్లో క్రీడా కోటాకు ప్రయత్నించవచ్చు, మీ రైల్వేలోనే ఫుట్‌బాల్ జట్లున్నాయి. ఆడే వయసు దాటాక శిక్షకుడు కావాలంటే సమాఖ్య డి లైసెన్సుతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా ఎక్కవచ్చు. ఫిజియోథెరపీ, రిఫరీ పని, మ్యాచ్ వీడియో విశ్లేషణ వంటివీ ఉన్నాయి. వాటన్నిటికీ ఇంటర్, డిగ్రీ చదువు పనికొస్తుంది.

అనంతపురానికి వెళ్లేటప్పుడు ఆధార్, అసలు జనన ధ్రువపత్రం, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ తీసుకెళ్లండి. అక్కడైనా మరో అకాడమీలోనైనా నిర్వాహకులు మైదానం, బూట్లు, భోజనం చూపిస్తారు. చూడండి. తర్వాత ఒక ప్రశ్న అడగండి: మూడేళ్ల కిందట ఇక్కడ చేరి, ఎంపిక కాకుండా వెళ్లిపోయిన పిల్లలు ఇప్పుడు ఏం చదువుతున్నారు? పేర్లు వద్దు, తరగతులు చెబితే చాలు. తడుముకోకుండా చెప్పగలిగితే చేర్చండి. చెప్పలేకపోతే ఇంకో ఏడాది గుంతకల్లులోనే ఆడించి, వచ్చే ఏడాది మళ్లీ ట్రయల్స్‌కు పంపండి. అప్పటికి మనిషీ ఇంకాస్త ఎదుగుతాడు.