స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు పెడుతున్న మేనకోడలు పిల్లకు మేనమామ రాసేది

బిడ్డా, నయీంనగర్ల స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు పెడుతున్నవని మీ అమ్మ ఫోన్ జేసి చెప్పింది. మస్తు సంబురమైంది గని లోపట భయం గూడ అయితుంది. బోర్డు, ఫ్యాన్లు, ఫీజు ముందుగాలనే వసూలు జేసుడు, ఇయన్ని నీకు ఎరుకే.

మొదటి రోజు కట్ అనే మాట పట్టుకో. కరెంటు కట్, కటింగ్ షాపు, ఫోన్ కట్ జెయ్, జీతంల కట్, అన్ని అర్థాలు పోరగాళ్ల నోట్లనే ఉన్నయి, వాళ్లతోనే చెప్పియ్యి. పాస్ట్ టెన్స్ కాడికి వచ్చినంక మాత్రం మెల్లగ పో, అక్కడ గూడ కట్ అనే అంటరు, కట్టెడ్ అనరు.

ఎందుకంటే మా బడిల ఒక సారుండె. పరకాల దిక్కు నుంచి వచ్చిన పోరడు లేచి "ఐ కట్టెడ్ ద ట్రీ" అన్నడు, సారు పడిపడి నవ్విండు, క్లాసు క్లాసంత నవ్వింది, ఇగ ఆనాటి నుంచి వాని పేరే కట్టెడ్ అయింది. లెక్కలల్ల ఫస్టు వచ్చే పోరడు ఇంగ్లీషు పీరియడ్ అంటే ఆఖరి బెంచీల తలకాయ వంచుకొని పెన్ను మూత కొరుక్కుంట కూసునేటోడు, పదో తరగతి కాంగనే సదువే బంద్ జేసిండు. ఇప్పటికీ ఆ సారు యాదికొస్తే నాకు మండుతది. ఏం తప్పు జేసిండని? వాక్డ్, టాక్డ్ లెక్కనే దీనికి గూడ ఎడ్ తగిలిచ్చిండు, అంటే రూలు పట్టుకున్నట్టే గదా. పాతకాలం ఇంగ్లీషు రాతలల్ల కట్టెడ్ గూడ కనవడ్తది. అసలు కట్ పుట్టుకే ఇంగ్లీషోళ్లకు నికరంగ తెల్వది, 1300 ప్రాంతంల రాతలకెక్కింది, స్కాండినేవియా దిక్కుకెల్లి వచ్చిందేమో అంటరు. అంతకుముందు కోసుడుకు వాడిన చెయొర్వన్ అనే మాట కార్వ్ అయి, ఇప్పుడు బొమ్మలు చెక్కుడుకు, మాంసం ముక్కలు తీసుడుకు మిగిలింది.

నీకు జర తొందరెక్కువ, తిడుతున్ననని అనుకోకు. కట్‌లెట్, కట్లరీ రెండూ కట్‌లకెల్లే పుట్టినయని చెప్పేస్తవు సూడు! కట్‌లెట్ అంటే ఫ్రెంచిల చిన్న పక్కటెముక, కట్లరీ లాటిన్ కత్తి మాట నుంచి వచ్చింది. తెల్వకపోతే "రేపు చూసి చెప్త" అను, ఇజ్జతేం పోదు.

సాయంత్రం బ్యాచ్ ఏడింటికల్ల ఇడిసిపెట్టు, ఊర్లకు పోయే ఆడపిల్లలకు ఆ తర్వాత బస్సులు దొరకయి. నువ్వు గూడ టైముకు తిను, చిన్నప్పటి నుంచి పుస్తకం పట్టుకుంటే అన్నం మర్షిపోతవు. నా పాత డిక్షనరీ ఆదివారం వచ్చి తీస్కపో, అట్ట ఊడింది, బైండింగ్ జేపిచ్చుకో.