తక్కువ రేటు చెప్పినాయనకి ఇల్లు అప్పజెప్పొచ్చా?

ప్రశ్న: నమస్తే అండి, మాది కరీంనగర్. 200 గజాల జాగల కింద ఒక పోర్షన్ పైన ఒక పోర్షన్ కడదామనుకుంటున్నం. మెటీరియల్‌తోని కలిపి ఒకాయన అడుగుకు 1,700 అంటుండు, ఇంకొకాయన 2,050 అంటుండు. తక్కువ చెప్పినాయన మా ఆయనకు దూరపు సుట్టం, మన మధ్యల కాగితాలెందుకు వదినా అంటుండు, 3 లక్షలు అడ్వాన్స్ ఇస్తే దసరా అయినంక మొదలువెడ్తడట. ఎవరికియ్యాల్నో సమజైతలేదు. (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, కాగితం మీద సంతకాలయ్యేదాకా ఆ 3 లక్షలు ఇవ్వకండి. బిల్డర్లు కట్టి అమ్మే అపార్ట్‌మెంట్లకైతే రెరా అనే చట్టం ఉంది, పెద్ద ప్రాజెక్టులకి అందులో రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే, కానీ మీ స్థలంలో మీరు ఉండటానికి కట్టుకునే ఇంటికి అది వర్తించదు. అంటే రేపు తేడా వస్తే మీ చేతిలో ఉండే గట్టి ఆధారం ఆ అగ్రిమెంటే, చుట్టమైతే అది ఇంకా అవసరం.

ఇక రేటు. 1,700, 2,050 పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏమీ తెలీదు, ఇద్దరూ ఒకే ఇంటికి చెప్పారని నమ్మకమేంటి? అడుగు అంటే స్లాబ్ కొలతా గోడల కొలతా, బాల్కనీ పోర్టికో పూర్తి లెక్కా సగం లెక్కా, సంపు, సెప్టిక్ ట్యాంకు, కాంపౌండ్ వాల్, పిట్టగోడ, మెయిన్ డోర్ టేకు ఇవన్నీ లోపలా బయటా అని అడగండి. తక్కువ రేటుకి ఒప్పుకున్నవాళ్లు చాలామంది ఇక్కడే రాబట్టుకుంటారు, స్లాబ్ పడ్డాక ఒక్కోటీ ఎక్స్‌ట్రా అంటారు, అప్పుడు మనిషిని మార్చడం మీ వల్ల కాదు. అందుకని ఇద్దరికీ ఒకే ప్లాన్ ఇచ్చి, సిమెంట్ ఏ కంపెనీ, స్టీలు ఐఎస్ఐ మార్కు ఉన్న 500డి రకమేనా, కాంక్రీట్ బలం ఎం20 గ్రేడుకి తగ్గకుండా వేస్తారా, టైల్స్ అడుగుకి ఎంత రేటులో, అన్నీ రాసిన కొటేషన్ తీసుకోండి.

మనిషిని చూడాలంటే 3, 4 ఏళ్ల కిందట అప్పగించిన ఇళ్లు ఓ రెండు అడిగి, ఆయన్ని వెంటబెట్టుకోకుండా వెళ్లండి, వానలప్పుడైతే మరీ మంచిది. బాత్రూం వెనక గోడ చెమ్మగిల్లిందా, స్లాబ్ కింద నీళ్ల మరకలున్నాయా చూసి, గృహప్రవేశం అయ్యాక ఏదైనా పాడైతే ఫోన్ ఎత్తాడా అని ఆ ఇంటివాళ్లని అడగండి. నడుస్తున్న సైట్ కూడా చూడండి, స్లాబ్ కడ్డీల కింద కవర్ బ్లాకులు (కడ్డీని ఎత్తిపెట్టే చిన్న సిమెంట్ బిళ్లలు) లేకుండా కంకర రాళ్లు పెట్టుంటే అక్కడ్నుంచే వెనక్కొచ్చేయొచ్చు. క్యూరింగ్, అంటే కాంక్రీట్‌ని నీళ్లతో తడిగా ఉంచడం, మామూలు సిమెంట్‌కి కనీసం 7 రోజులు, ఇప్పుడు ఎక్కువమంది వాడే పీపీసీ (బూడిద కలిసిన) సిమెంట్‌కి 10 రోజులు చెయ్యాలి. స్టీలు దిగినప్పుడు తూకం వేయించండి, 12 ఎంఎం కడ్డీ 12 మీటర్లది 10.6 కేజీల దాకా ఉండాలి, బాగా తక్కువ తూగితే ఆ లోడ్ దింపుకోకండి.

డబ్బు ఎప్పుడూ పని వెనకే నడవాలి. పునాది, బేస్‌మెంట్, ఒక్కో స్లాబ్, గోడలు, ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్ అని భాగాలు చేసి ఏది పూర్తయితే దానికే ఇవ్వండి, చివరి 5 శాతం ఒక వానాకాలం గడిచాకే. కాంట్రాక్టర్‌కి సంబంధం లేని ఇంజినీర్ ఒకర్ని పెట్టుకుని ప్రతి స్లాబ్‌కి ముందు కడ్డీలు చూపించండి, ఈ ఫీజు దగ్గర మాత్రం వెనకాడకండి.

నన్నడిగితే, మీ చుట్టం ఇవన్నీ రాసి సంతకం పెడతానంటే ఆయనకే ఇవ్వండి. చిన్నబుచ్చుకుంటే రెండో ఆయనతో మాట్లాడుకోండి.

ప్రశ్న: మా కాంట్రాక్టర్ ప్లాస్టరింగ్ మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడండి, ఎక్కడికెళ్లాలి? (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: ముందు లాయర్‌తో నోటీసు ఇప్పించండి. ఇల్లు కట్టిపెట్టడం కూడా వినియోగదారుల చట్టం కింద సేవే, మీరు చెల్లించింది 50 లక్షల లోపైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, ఆయన పని వదిలేసినప్పటి నుంచి 2 ఏళ్లు దాటనివ్వకండి. బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ మెసేజీలు, గోడల ఫొటోలు ఈరోజే దాచిపెట్టండి, ఇంకో మేస్త్రిని దింపే ముందు ఇంజినీర్‌తో ఎంత పని అయిందో కొలిపించి రాయించుకోండి, లేకపోతే ఎవరు ఎంత చేశారో తర్వాత తేల్చలేరు.