సుమత్రా వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. వే కంబాస్ ఖడ్గమృగాల కేంద్రంలో చేరబోతున్నావని మీ అమ్మ చెబితే తెలిసింది. నాతో ఒక్క మాట అనకపోయినందుకు కోపం వచ్చింది. ఆ సాయంత్రమే వీధిలో కనిపించిన ప్రతివారికీ గొప్పగా చెప్పుకున్నాననుకో, అది వేరే సంగతి.

జలగలు, దోమలతో జాగ్రత్త. ఖడ్గమృగాలు పొర్లే బురదగుంట ఎండిపోనివ్వకు. ఇండోనేసియా భాష నేర్చుకో.

మేత సంగతి మాత్రం శ్రద్ధగా చదువు. 1984 నుంచి దాదాపు పదేళ్లు, జాతిని నిలపాలని 40 సుమత్రా ఖడ్గమృగాలను అడవుల్లో పట్టారు. చాలావరకు ఒక్క పిల్లనైనా కనకుండానే పోయాయి. పట్టినవాళ్లు బాగా చదువుకున్నవాళ్లే. ఖడ్గమృగమంటే గడ్డి మేసేదేనన్న లెక్కతో ఎండుగడ్డి వేశారు. ఇది ఆకులు, రెమ్మలు తినే జంతువు. అమెరికాలో సిన్సినాటి జూలో ఇపూ అనే మగది చిక్కి శల్యమై పడిపోయింది. ఇక దక్కదనుకున్నారు. జంతువులను సాకే ఒకాయన మర్రి జాతి ఆకు పెట్టి చూడమంటే, శాన్‌డియాగో నుంచి విమానంలో కొమ్మలు తెప్పించారు. అది లేచి నిలబడి తిన్నది! మన మేకల కాపరి రోజూ కొట్టుకొచ్చే పచ్చి ఆకురొట్టే కదమ్మా అది. కాపరిని అడిగే అలవాటు మన చదువుల్లో లేదు. నువ్వు అడుగు.

ఆ ఇపూతో జతకట్టిన ఎమీకి ఐదుసార్లు చూడి నిలవలేదు. ఆరోసారి చూడి నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోను ఇస్తే, 2001లో అండాలస్ పుట్టింది. అంతకుముందు మనిషి సంరక్షణలో పుట్టినది 1889లో, మన కలకత్తాలో. మధ్యలో 112 ఏళ్లు! అండాలస్ సంతానమే నువ్వు వెళ్లేచోట ఇప్పుడు పెరుగుతున్నది.

నాకున్న భయం ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అనే మాటంటే. ఏళ్ల తరబడి చూడి కట్టని ఆడదానికి గర్భసంచిలో గడ్డలు పడతాయి. మలేసియాలో ఇమాన్‌కు అదే జరిగింది. 2019లో అది పోయాక ఆ దేశంలో ఒక్కటీ మిగల్లేదు. పశువుల ఆసుపత్రిలో నా ఉద్యోగపు తొలిరోజుల్లో, మూగ ఎదను (పైకి లక్షణాలు కనిపించని ఎదను) ఎలాగో పసిగట్టి రాత్రివేళ గేదెను తోలుకొచ్చిన రైతును పొద్దున రమ్మనేవాళ్లు. పొద్దుటికి ఎద దాటిపోయేది. నీకైతే సంతకాల కోసం ఒక ఎద పోతే మళ్లీ మూడు వారాలు. ఇంట్లో నాతో పోట్లాడినంత గట్టిగా ఆఫీసులోనూ పోట్లాడు.

మగదాన్ని వదిలే రోజు మాత్రం తొందరపడకు. ఎద లేనప్పుడు కలిస్తే ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయి. ముందు స్కాన్ చూడు, కంచె అవతలి నుంచి వాసన చూసుకోనివ్వు, ఆ తర్వాతే తలుపు తీయించు. ఎవరు పిలిచినా నువ్వు లోపలికి అడుగు పెట్టకు తల్లీ. మీ అమ్మకు జవాబు చెప్పుకోవలసింది నేను.

మీ మామయ్య