దాచిన ఫైళ్ళా, దాచుకున్న ఫైళ్ళా?

సందేహం: నేను రిటైరైన తెలుగు టీచర్‌ని. ఫోన్‌లో జాగా నిండిపోయిందని మా అబ్బాయి ఏదో క్లీనింగ్ యాప్ వేసి వెళ్ళాడు. దాన్ని తెలుగులో పెట్టుకుంటే రోజూ పొద్దున్నే ఈ మాట కనిపిస్తోంది: "కాష్ చేయబడిన ఫైళ్ళు స్వయంచాలకంగా క్లియర్ చేయబడతాయి." ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పిన నాకు ఈ తెలుగు అర్థం కాలేదు. బ్యాంకు యాప్ కూడా అందులోనే ఉంది కాబట్టి డబ్బేమైనా పోతుందేమోనని భయపడ్డాను కూడా. ఇది కాషా, క్యాషా? ఈ వాక్యాన్ని మనుషులు మాట్లాడే తెలుగులో ఎలా చెప్పాలి? ఫైళ్ళు అనాలా, ఫైల్స్ అనాలా? 
– ఏలూరు నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: టీచరు గారూ, ముందు మీ టెన్షన్ తీర్చేస్తాను, తర్వాత భాష సంగతి. మీ డబ్బుకేమీ కాలేదు. ఆ యాప్ తీసేస్తానంటున్నది నగదు కాదు. మీరు పొద్దున వార్తల యాప్ తెరిచారనుకోండి, బొమ్మలన్నీ నెట్ నుంచి దిగుతాయి, మధ్యాహ్నం మళ్ళీ తెరిస్తే అవే బొమ్మలు మళ్ళీ దించే పని లేకుండా ఫోన్ ఒక కాపీ పక్కన పెట్టుకుంటుంది, అలా పక్కన పెట్టుకున్న సరుకే కాష్.

మన వంటింట్లో పోపుల పెట్టె చేసే పని ఇదే. ఆవాల డబ్బా ఎక్కడో పై అరలో ఉంటుంది, నూనె కాగిన ప్రతిసారీ స్టూలు వేసుకుని ఎక్కలేం కదా, నాలుగు చెంచాలు తెచ్చి పొయ్యి పక్కన పెట్టుకుంటాం. ఎవరైనా పోపుల పెట్టె బోర్లించేస్తే ఇంట్లో ఆవాలు అయిపోయినట్టు కాదు. ఆ పూట పోపు కాస్త ఆలస్యం, అంతే. కాష్ ఖాళీ చేసినా అంతే, మొదటిసారి యాప్ తెరిచినప్పుడు కొంచెం నిదానంగా తెరుచుకుంటుంది, కాస్త డేటా మళ్ళీ ఖర్చవుతుంది, రెండు రోజుల్లో పెట్టె మళ్ళీ నిండుతుంది.

ఇక కాషా, క్యాషా. ఇంగ్లీషులో నగదు అనే మాటకూ ఈ మాటకూ ఉచ్చారణ ఒక్కటే, స్పెల్లింగే వేరు. వాళ్ళకి రాతలో తేడా తెలిసిపోతుంది. మనం చెవికి వినిపించింది రాసుకునే వాళ్ళం కాబట్టి రెండూ క్యాష్ అయి కూర్చుంటాయి, మీలాంటి వాళ్ళకి పాస్‌బుక్ గుర్తొస్తుంది. ఉచ్చారణ ప్రకారం క్యాష్ దగ్గరగా ఉన్నా, రాతలో కాష్ అని వేరుగా పెట్టుకోవడమే నాకు నచ్చుతుంది. కొందరు కంప్యూటర్ కుర్రాళ్ళు క్యాచీ అంటుంటారు, అది స్పెల్లింగ్ చూసి ఊహించుకున్నది, పట్టించుకోకండి. కాష్ అని చూడగానే నాకైతే రావణకాష్ఠం గుర్తొస్తుంది, ఎంత ఆర్పినా ఆరనిదంటారు కదా, ఎన్నిసార్లు ఖాళీ చేసినా నిండిపోయే ఈ కాష్‌కి ఆ పోలిక బాగానే కుదిరింది. రెండు మాటలకీ చుట్టరికం లేదు లెండి, సరదాకి అన్నాను.

చుట్టరికం అన్నాను కాబట్టి ఇంకో మాట. నగదు అనే అర్థంలో వాడే క్యాష్, డబ్బు పెట్టె అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. అదే రూపంలో ఇంగ్లీషువాళ్ళకి చిన్న నాణెం అనే అర్థంలో ఇంకో క్యాష్ ఉండేది, అది మాత్రం తమిళ కాసు, పోర్చుగీసువాళ్ళ నోట్లో పడి అటు వెళ్ళింది. మన కాసుల పేరులో ఉన్న కాసే.

మన కాష్ దారి వేరు. ఫ్రెంచిలో దాచడం అనే అర్థమిచ్చే క్రియ నుంచి వచ్చింది. ఉత్తర అమెరికా అడవుల్లో జంతువుల తోళ్ళ కోసం తిరిగే వేటగాళ్ళు తిండి, సామాన్లు గోతుల్లో దాచి ముందుకు పోయేవాళ్ళు, తిరిగొచ్చేటప్పుడు తీసుకోవడానికి. ఆ గోతికి కాష్ అని పేరు. అంటే అచ్చంగా మన పాతర. నేల తవ్వి ధాన్యం పాతర వేయడం మన పల్లెల్లో మొన్నమొన్నటి దాకా ఉన్నదే. ఇప్పుడు పాతరేయడమంటే పూడ్చిపెట్టడమనే అర్థమే మిగిలింది కానీ అసలు అది తిండిగింజలు భద్రంగా దాచుకునే చోటు. 1968లో ఐబీఎం అనే కంప్యూటర్ కంపెనీ వాళ్ళు సిస్టమ్/360 మోడల్ 85 అనే యంత్రం గురించి తమ పత్రికలో రాస్తూ, తరచూ కావలసిన సమాచారాన్ని దగ్గర పెట్టుకునే, అప్పటిదాకా హైస్పీడ్ బఫర్ అంటున్న భాగానికి ఈ వేటగాళ్ళ మాట తగిలించారు. అక్కడి నుంచి అది కంప్యూటర్లలోకి, బ్రౌజర్లలోకి, చివరికి మీ ఫోన్‌లోకి వచ్చింది.

నన్నడిగితే అసలు విషయం ఇక్కడుంది. ఫ్రెంచి క్రియకి సరిసమానమైన క్రియ మన దగ్గర ఇంటింటా వాడుకలో ఉంది: దాచు. దానికి రెండు ముఖాలు. నిజం దాచాడు అంటే ఎవరికీ కనబడకుండా చేశాడని. పిల్ల పెళ్ళికి నాలుగు రూపాయలు దాచాడు అంటే తర్వాత పనికొస్తుందని తీసిపెట్టాడని. కాష్‌లో కావలసింది ఈ రెండో అర్థం. మరి 'దాచిన ఫైళ్ళు' అనేస్తే సరిపోతుందా అంటే సరిపోదు, ఎందుకంటే ఫోన్లలో నిజంగానే దాచిన ఫైళ్ళు వేరే ఉన్నాయి, పేరు ముందు చుక్క పెడితే మామూలుగా జాబితాలో కనబడకుండా పోయేవి, వాటిని దాచినవి అనే అనాలి.

ఇక్కడ మనల్ని ఆదుకునేది కొను. వండాడు, వండుకున్నాడు. కోశాడు, కోసుకున్నాడు. మొదటిది ఎవరికోసమైనా కావచ్చు, రెండోది తనకోసం. వ్యాకరణంలో ఆత్మార్థకం అంటూ మీరు పిల్లలకి చెప్పే ఉంటారు. అదే తేడా ఇక్కడా: దాచిన ఫైళ్ళు మీ కంట పడకుండా పెట్టినవి, దాచుకున్న ఫైళ్ళు ఫోన్ తన వీలు కోసం పక్కన పెట్టుకున్నవి. ఒక్క 'కు' చేరితే మొత్తం అర్థం తేలిపోయింది. ఇంగ్లీషులో ఈ తేడా చెప్పడానికి రెండు వేర్వేరు మాటలు కావలసి వచ్చాయి. ఇంత వీలుండగా కాష్ చేయబడిన అని ఎందుకు రాస్తారో నాకు అర్థం కాదు. అంటే కాష్ అనే మాటే వద్దంటున్నానా? లేదు. సెట్టింగ్స్‌లో పేరుగా కాష్ ఉండనివ్వండి, అబ్బాయికి ఫోన్ చేసి అడగాలన్నా ఆ పేరే కావాలి. వాక్యంలో వివరించేటప్పుడు మాత్రం దాచుకున్నవి అంటే చదివేవాళ్ళకి వెలుగుతుంది.

తర్వాతిది స్వయంచాలకంగా. స్వయం, చాలకం రెండూ సంస్కృతమే, తప్పు మాట కాదు, నిఘంటువుల్లోనూ ఉంటుంది. కాకపోతే హిందీలో చాలక్ అంటే బండి నడిపేవాడు, అక్కడ ఆ మాట జనం నోట ఉంది. మన నోట చాలక అంటే ఏమిటి? జీతం చాలక, జాగా చాలక. అంటే సరిపోక. మీ ఫోన్‌లో జాగా చాలకనే కదా ఈ గొడవంతా! అందుకే స్వయంచాలకంగా అని చదవగానే తెలుగు చెవి ఒక్క క్షణం తడబడుతుంది. మీరు ఆటోమేటిక్‌గా అనండి, ఎవరూ తప్పు పట్టరు. పొలంలో బోరు మోటారుకి ఆటో స్టార్టర్ పెట్టుకున్న రైతుకి ఆ మాట ఎవరూ నేర్పనక్కర్లేదు, కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుందని చెప్తాడు. చూశారా, ఇంగ్లీషు మాట పక్కనే తెలుగు కూడా ఎంత సులువుగా వచ్చిందో.

ఈ అంతట అనే మాట చాలా మంచిది, కానీ దాంతో ఒక చిక్కుంది. అది ఎవరి గురించి అయితే వాళ్ళకి తగ్గట్టు మారాలి. నా అంతట నేను, నీ అంతట నువ్వు, వాళ్ళంతట వాళ్ళు, దానంతట అది, వాటంతట అవి. ఈమధ్య యాప్‌ల తెలుగులో 'ఫైళ్ళు దానంతట అదే తొలగిపోతాయి' లాంటివి కనిపిస్తున్నాయి, ఎక్కడో దానంతట అదే అని ఒకసారి రాసుకుని అన్నిచోట్లా అతికించేస్తున్నట్టున్నారు. ఫైళ్ళు బహువచనం, కాబట్టి వాటంతట అవే. ఇది మాత్రం నేను ఒప్పుకోలేని తప్పు.

క్లియర్ చేయబడతాయి సంగతి చూద్దాం. ఈ బడు వాక్యాలు మనకి కొత్తేమీ కాదు, 'ఇచ్చట సైకిళ్ళు అద్దెకు ఇవ్వబడును' అనే బోర్డు కింద నిలబడి అద్దె సైకిల్ తొక్కిన వాణ్ణే నేను కూడా. బోర్డు మీద అది బోర్డు భాష, ఎవరూ కాదనరు. కానీ ఆ కొట్టువాడు నోటితో ఎప్పుడూ అలా అనలేదు, సైకిళ్ళు అద్దెకిస్తాం బాబూ అనేవాడు. ఎవరు చేస్తారో చెప్పనక్కర్లేనప్పుడు తెలుగుకి బడు అవసరమే లేదు, క్రియ జంటలున్నాయి. దాగు, దాచు. మారు, మార్చు. నిండు, నింపు. చెరుగు, చెరుపు. ఆరు, ఆర్పు. తొలగు, తొలగించు. జంటలో మొదటిది దానికదే జరిగేది, రెండోది ఒకరు చేసేది. దీపం ఆర్పబడింది అని ఏ ఇంట్లోనైనా అంటారా? ఆరిపోయింది అంటారు. అలాగే ఫైళ్ళు తొలగిపోతాయి, ఇంకా మామూలుగా పోతాయి.

నిజానికి పోవడం అన్నా అవి పూర్తిగా వాటంతట అవే పోవనుకోండి, ఫోనే తీసేస్తుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక్కో యాప్‌కి కాష్ కోసం ఇంత వాటా అని సిస్టమ్ లెక్క వేసి పెట్టుకుంటుంది. జాగా తగ్గినప్పుడు, వాటా మించి ఎక్కువ వాడేసుకున్న యాప్ దగ్గర మొదలుపెట్టి దాచుకున్నవి తీసేస్తూ పోతుంది. ఐఫోన్ కూడా జాగా కరువైతే ఇలాంటి పనే చేస్తుంది. కాబట్టి మీ అబ్బాయి వేసిన యాప్ రోజూ పొద్దున్నే చెప్పే గొప్ప, ఫోన్ ఎలాగూ చేసే పనికి పక్కన నిలబడి డప్పు కొట్టడం లాంటిది. దాన్ని తీసేయాలా వద్దా అన్నది నన్నడగలేదు, అయినా చెప్పేశాను.

అన్నీ కలిపి ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "ఫోన్ దాచుకున్న ఫైళ్ళు ఎప్పటికప్పుడు వాటంతట అవే పోతాయి, మీరేమీ చేయనక్కర్లేదు." ఆ చివరి ముక్క అసలు వాక్యంలో లేదు, కానీ మీరు భయపడ్డది ఆ ముక్క లేకనే.

క్లియర్ అనే మాట గురించి మీరు అడగలేదు కానీ దాన్ని వదిలేస్తే జవాబు సగమే. ఇంగ్లీషులో బల్లనీ క్లియర్ చేయొచ్చు, బల్ల మీద గిన్నెల్నీ క్లియర్ చేయొచ్చు. తెలుగులో కుదరదు. బల్ల ఖాళీ చేస్తాం, గిన్నెలు తీసేస్తాం. గిన్నెలు ఖాళీ చేశానంటే అందులో కూర తినేశానని అర్థం! కాష్ అనేది పెట్టె, కాబట్టి కాష్ ఖాళీ చేయడం. ఫైళ్ళు పెట్టెలో సరుకు, కాబట్టి ఫైళ్ళు తీసేయడం. తుడవడం పలకకీ బల్లకీ, చెరపడం రాతకీ, ఊడవడం నేలకీ.

ఈ తేడా ఊరికే పట్టుదలకి చెప్పడం లేదు. యాప్ సెట్టింగుల్లోకి వెళ్తే కాష్ క్లియర్ పక్కనే ఇంకో మీట ఉంటుంది, కొన్ని ఫోన్లలో డేటా క్లియర్ అని, కొన్నిట్లో స్టోరేజ్ క్లియర్ అని. అది నొక్కితే పోయేది పోపుల పెట్టె కాదు, వంటిల్లే. మీ లాగిన్, సెట్టింగులు, ఆ యాప్ ఫోన్‌లో భద్రం చేసుకున్నవన్నీ పోయి, యాప్ కొత్తగా వేసినట్టవుతుంది. రెండిటికీ ఒకే క్లియర్ తగిలిస్తే చదివేవాళ్ళకి తేడా ఎలా తెలుస్తుంది? మొదటిదానికి ఖాళీ చేయి అనీ, రెండోదానికి మొత్తం చెరిపేయి అనీ ఉంటే, రెండోది నొక్కేముందు వేలు కాస్త ఆగుతుంది.

చేయి అన్నానని మర్యాద తక్కువైందనుకోకండి. మీట మీద మాట ఎవరిది? నేను ఫోన్‌కి చెప్పేది. కాష్ క్లియర్ చేయండి అని రాస్తే ఫోనే మనల్ని బతిమాలుతున్నట్టుంటుంది. మా ఎదురింటి పెద్దాయన అలాగే అనుకుని, పాపం అడుగుతోంది కదా అని రోజూ రాత్రి పడుకునే ముందు ఒక్కో యాప్‌లోకి వెళ్ళి నొక్కేవారు, మాత్రలు వేసుకున్నంత నిష్ఠగా.

చివరిగా ఫైళ్ళు. దీర్ఘం తర్వాత లు వస్తే బహువచనంలో ళ్ళు అవుతుంది: కాలు కాళ్ళు, రైలు రైళ్ళు, స్కూలు స్కూళ్ళు. ఐ కూడా ఆ లెక్కలోదే కాబట్టి ఫైలు ఫైళ్ళు. లావత్తుతో ఫైళ్లు అని రాసినా తప్పు లేదు, పత్రికలు ఎక్కువగా అలాగే రాస్తున్నాయి. ఫైల్స్ మాట్లాడేటప్పుడు వస్తుంది, రానివ్వండి. ఫైల్స్‌లు అని మాత్రం ఎవరైనా రాస్తే, మీ చేతిలో ఎర్ర పెన్ను ఇంకా ఉంటే, దాని కింద ఒక గీత గీయండి.