పప్పుకి కొరత రాలేదండీ, సంచికి వచ్చింది

కరోనా వల్ల దేశాల మధ్య పప్పుల వ్యాపారం ఎంత దెబ్బతింది, అప్పుడు నిజంగా పప్పు కొరత వచ్చిందా అని ఎవరో అడిగారు. లెక్కలూ గ్రాఫులూ చూపించేవాళ్ళు చాలామంది ఉంటారు, నేను ఆ బాపతు కాదు. 2020లో మూడు నెలలు మినప మిల్లులో పద్దులు రాశాను, ఆ ధైర్యంతో ఒక మాట చెప్పేస్తా. పప్పుకి కొరత రాలేదు. పప్పు పోసే సంచికి వచ్చింది, సంచి మోసే మనిషికి వచ్చింది, సంచులు తెచ్చే కంటైనర్‌కి వచ్చింది. ఎవరేమన్నా నా మాట ఇదే.

నేనుండేది హైదరాబాద్‌లో. ఆ ఏడాది ఉగాదికి ఊరొచ్చా. ఉగాది మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే, పచ్చడి తిని చెయ్యి కడుక్కునేసరికి బస్సుల్లేవు రైళ్ళు లేవు. మా మావయ్యకి విజయనగరం దగ్గర పల్లెలో చిన్న మినప మిల్లు ఉంది, ఆయన గుమస్తా బొబ్బిలి అవతల ఎక్కడో ఇరుక్కుపోయాడు, నేనెలాగూ ఖాళీగా పడున్నానని మా అమ్మ నన్ను అక్కడికి తోలేసింది. పప్పు మిల్లులు నిత్యావసరం కాబట్టి నడుపుకోవచ్చు అన్నారు. అనడం వరకు బాగానే ఉంది. జట్టు కూలీలు ఎవరి ఊళ్ళకి వాళ్ళు పోయారు, ఊరూరా రోడ్డు మీద కంపలు అడ్డం వేసేశారు, ఇంక మిల్లు ఎవడు నడుపుతాడు?

మన దగ్గర మినుములు లేవా అంటే ఉన్నాయి. సిక్కోలు, విజయనగరం వైపు వరి కోతకి రెండు మూడు రోజుల ముందు చేలో మినుములో పెసలో జల్లేస్తారు, నేలలో మిగిలిన చెమ్మకే పంట లేస్తుంది, ఫిబ్రవరి మార్చికల్లా చేతికొస్తుంది. అంటే లాక్‌డౌన్ పడేసరికి రైతు ఇంట్లో సరుకు ఉంది. ఆ సీజన్ మద్దతు ధర క్వింటాలుకి 5,700. సరుకు ఉంది, ధర ఉంది, పట్టడానికి గోనె సంచి లేదు! నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం, మా చుట్టుపక్కలంతా జ్యూటు మిల్లులకి పేరు, అలాంటి చోట సంచికి కటకట. బెంగాల్లో జ్యూటు మిల్లులు మూతపడేసరికి దేశమంతా ఇదే గోల, ధాన్యానికి ప్లాస్టిక్ సంచులు వాడుకోండని కేంద్రమే చెప్పాల్సి వచ్చింది. మిల్లు ఎదురింటి రైతైతే మినుముల్ని వాళ్ళావిడ పాత చీరల్లో మూటలు కట్టి మంచం కిందకి తోశాడు. ఆ మూటల్ని చివరికి మావయ్యే కొన్నాడు. ఎంతకి కొన్నాడో రాయను, ఆయన ఇది చదువుతాడు.

ఇంకోటి, 2019 వానాకాలంలోనే మధ్యప్రదేశ్, మహారాష్ట్ర వైపు వానలెక్కువై మినుము పాడైంది, ఆ డిసెంబర్లోనే కేంద్రం దిగుమతి కోటా పెంచింది. అంటే ధర కరోనా రాకముందే ఎక్కడం మొదలెట్టింది. ఇది ఎవరూ చెప్పరు, అన్నీ కరోనా నెత్తినే రుద్దేస్తారు. బయటి మినుములంటే దాదాపు బర్మావే. అక్కడివాళ్ళు మినుములు పెద్దగా తినరు, మనలాగే వరి కోశాక పండించి మన ఇడ్లీల కోసం ఓడెక్కిస్తారు. అలా చెన్నై రేవుకి వచ్చిన సరుకులో ఒక లారీ మావయ్యది.

సరుకు మార్చి ఆఖరికే దిగింది. దిగి అక్కడే కూర్చుంది. లారీ దొరికితే డ్రైవర్ లేడు, డ్రైవర్ దొరికితే దారిలో తినడానికి ఒక్క హోటల్ లేదు, రోజూ ఫోన్లు, సరుకు రేవులో ఆగినందుకు రోజూ డెమరేజీ లెక్క. ఎలాగైతేనేం మే మొదటి వారంలో బయల్దేరింది. అప్పటికి విజయనగరం జిల్లాలో ఒక్క కేసు కూడా లేదు, రాష్ట్రంలో అలాంటి జిల్లా మాదొక్కటే మిగిలింది, ఊళ్ళో ఆ గర్వం మామూలుగా లేదు. సరిగ్గా అప్పుడే టీవీ పెడితే చాలు, చెన్నై కోయంబేడు మార్కెట్ నుంచి వచ్చినవాళ్ళకి పాజిటివ్ అని స్క్రోలింగ్. ఇలాంటప్పుడు తమిళనాడు నంబర్ ప్లేటుతో ఒక లారీ రాత్రి పదకొండింటికి ఊరి మొదట్లో హారన్ కొట్టింది.

పావుగంటలో ముప్పై మంది. కర్రలు, టార్చిలైట్లు, మొహాలకి తువ్వాళ్ళు. "లారీ ఎనక్కి తిప్పించు బాబూ, ఇడ్లీ నేకపోతే గంజి తాగుతాం" అంటాడొకాయన. మావయ్య అందరికీ దండాలు పెడుతున్నాడు. డ్రైవర్‌కి తెలుగు రాదు, అద్దాలు ఎక్కించుకుని బిస్కెట్ ప్యాకెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, మూడు రోజులుగా అతని తిండి అదేనట. నేను గొప్పగా పర్మిట్ కాగితం చదివి వినిపించబోయాను, ఎవడూ వినలేదు.

అంతలో మా వీధి చివర ముసలావిడ, ఎనభై దాటుంటాయి, కర్ర పొడుచుకుంటూ వచ్చింది. టార్పాలిన్ ఒక మూల లేచి ఉంది, టార్చి వెలుగులో సంచులు కనిపిస్తున్నాయి. తెల్లటి ప్లాస్టిక్ సంచులు, వాటి మీద గుండ్రటి అక్షరాలు, దూరం నుంచి చూస్తే తెలుగే అనిపిస్తుంది గానీ ఒక్కటీ చదవలేం. "ఇయ్యెక్కడివిరా?" అంది. "బర్మావి అత్తా" అన్నాడు మావయ్య. "రంగమా!" అంది.

ఇప్పటి పిల్లలకి తెలీదేమో, మా వైపు రంగూన్‌ని రంగం అనేవారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల్లో ఓడెక్కి వేలమంది రంగం పోయారు, రేవులో మూటలు మొయ్యడానికి, బియ్యం మిల్లుల్లో పనికి. 1930లో అక్కడి రేవులో సమ్మె కట్టింది తెలుగు కళాసీలే, దాని మీద పెద్ద గొడవలయ్యాయి కూడా. 1942లో జపాన్ వాళ్ళు వచ్చి పడితే అడవులకి అడ్డంపడి నడిచొచ్చారు, దారిలోనే పోయినవాళ్ళకి లెక్కే లేదు. ఈవిడ తండ్రి అలా నడిచొచ్చినవాడేనట. "మా అయ్య నడిసొచ్చినాడు రంగం నుంచి. అప్పుడూ ఇలాగే ఊళ్ళోకి రానియ్యలేదు, రోగం తెస్తాడని. తోటలో ఉంచినారు నెల దినాలు. కూడు మాత్రం పెట్టినారు. ఈ గుంటడికి కూడు పెట్టినారా ఎవులైనా?" అంది డ్రైవర్ని చూపించి.

ఒక్కడు మాట్లాడలేదు. బేరం అక్కడికి తెగింది. లారీ ఊరి బయట మామిడితోటలో మూడు రోజులు ఆగాలి, డ్రైవర్ దిగి ఊళ్ళోకి రాకూడదు, అన్నం మేం పంపాలి. మొదటి రోజు మా అత్త పప్పుచారు పంపింది, అతను గిన్నె కడిగి చెట్టు కింద బోర్లించి దూరం నుంచి చెయ్యెత్తి దండం పెట్టాడు. నాలుగో రోజు దించాం. 50 కేజీల సంచులు 320. జట్టు లేదు కదా, మావయ్య, ఆయన ఇద్దరు కొడుకులు, నేను, పాపం ఆ డ్రైవరూ. పాతిక సంచులు మోశాక నాకు నడుము ఉందో లేదో తెలీలేదు. కళాసీ కూలి ఎక్కువైపోయిందని అప్పటిదాకా మావయ్య రోజూ సణిగేవాడు, ఆ సాయంత్రం నుంచి ఆ ముక్క ఎత్తలేదు. ముసలావిడ మాత్రం ఆ గుండ్రక్షరాల సంచులు రెండు ఖాళీవి అడిగి పట్టుకుపోయింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ప్రపంచంలో జరిగిందీ ఇదే, సైజు పెద్దది అంతే. 2020 మార్చిలో అమెరికా, బ్రిటన్ జనం షాపుల్లో బీన్స్, పప్పుల అరలు ఊడ్చేశారు. న్యూజెర్సీలో ఉన్న మా చిన్నాన్న కూతురు మనిషికి ఒక్క కందిపప్పు ప్యాకెట్టే ఇస్తున్నారని ఫోన్లో ఒకటే గొడవ. అలాగని పప్పు లేదా? కెనడాలో మసూర్ పప్పు బోలెడుంది. దాని మీద మనవాళ్ళు 2017 డిసెంబర్లో 30 శాతం సుంకం వేశారు, 2020 జూన్‌లో దాన్ని 10కి దించారు, దించగానే మళ్ళీ మనవైపు ఓడలు కట్టాయి. తర్వాతే వచ్చింది అసలు తంటా. చైనా సరుకు అమెరికాకి ఎగబడింది, ఆ రూటులో కిరాయి బంగారం, దాంతో ఓడల కంపెనీలు కెనడా పప్పు నింపేదాకా ఆగకుండా ఖాళీ కంటైనర్లనే వెనక్కి చైనాకి ఈడ్చుకుపోయాయి. ఖాళీ పెట్టెలండీ! పప్పు గోదాముల్లో, పెట్టెలు సముద్రంలో. 2021 సెప్టెంబరుకి పెద్ద రూట్లలో 40 అడుగుల కంటైనర్ సగటు కిరాయి 10,000 డాలర్లు దాటింది, కరోనాకి ముందు అది రెండు వేలు కూడా లేదు. పాత చీరల మూటలకీ దీనికీ తేడా ఏముంది?

2021లో బర్మాలో ఫిబ్రవరి 1న సైన్యం గద్దెనెక్కింది, బ్యాంకులు మూతపడ్డాయి, కస్టమ్స్ ఉద్యోగులు, లారీ డ్రైవర్లు సమ్మెలోకి పోయారు. మన మినుములు మళ్ళీ రంగం రేవులోనే. అది కరోనా ఖాతాలో రాయాలా, సైన్యం ఖాతాలో రాయాలా? ఇక్కడేమో మే 15న కంది, మినుము, పెసర దిగుమతికి గేట్లు ఎత్తేశారు, జూలై 2న నిల్వల మీద పరిమితి పెట్టారు, టోకు వ్యాపారికి 200 టన్నులు, చిల్లరకి 5 టన్నులు అని, నెల తిరక్కుండానే టోకుకి 500 చేశారు. అదే ఏడాది బర్మాతో ఐదేళ్ళ ఒప్పందం, ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు. కొనేవాడికి మంచిదే కాదనను. మా వైపు ఆకులు పసుపెక్కిపోయే పల్లాకు తెగులు తట్టుకుని నాలుగు బస్తాలు పండించిన రైతుని మాత్రం సరిగ్గా అమ్ముకునే వేళకి ఈ గేట్లు ముంచుతాయి, ఇది ఎన్నేళ్ళయినా మారదు.

రేషన్ సంగతీ చెప్పాలి. మొదటి విడత ఇంటికో కేజీ కందిపప్పు ఇచ్చారు, తర్వాత శనగలు మొదలెట్టారు, ఆ ఉచితం నవంబర్ దాకా సాగింది. మంచి పనే, ఆకలి తీరింది. కానీ మా ఇంట్లో గుగ్గిళ్ళు తిని తిని మా నాన్న శనగ అనే మాట వింటేనే లేచిపోయేవాడు. ఇడ్లీ సంగతి వేరు. మా బజార్లో టిఫిన్ కొట్టు ఆయన మినపగుళ్ళు పెరిగాయని 2020లో ప్లేటుకి పది రూపాయలు పెంచాడు, తర్వాత మినపగుళ్ళు దిగినా ప్లేటు దిగలేదు, పైగా ఇడ్లీ సన్నబడింది.

మావయ్య మాత్రం ఒకటి నేర్చుకున్నాడు. ఇప్పుడు మిల్లులో గల్లాపెట్టెకి తాళం ఉండదు, ఖాళీ సంచుల గదికి ఉంటుంది. మొన్న సంక్రాంతికి వెళ్తే ఆ తాళంచెవి ఎక్కడ పెట్టాడో మర్చిపోయి అందరం గంటసేపు వెతికాం, చివరికి గల్లాపెట్టెలోనే ఉంది.