పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, నాన్నగారిని ఇప్పుడే ఆసుపత్రికి పంపండి

రేపటిదాకా ఆగొద్దండి, ఇప్పుడే బయల్దేరదీయండి. రాజాం దగ్గర ఊళ్లో ఉన్న మీ నాన్నగారికి పొద్దున్న టీ తాగుతుంటే మాట ముద్దగా వచ్చిందని, కుడిచెయ్యి లేవలేదని, పది నిమిషాల్లో అంతా మామూలైపోయిందని రాశారు. ఆర్‌ఎంపీ గారు నీరసమని సెలైన్ పెట్టారట. హైదరాబాదులో కూర్చుని మీరెంత టెన్షన్ పడుతున్నారో తెలుస్తోంది. కానీ "ఇప్పుడు బాగానే ఉన్నారు కదా, పండక్కి వచ్చినప్పుడు చూపిద్దామా" అన్నారు చూడండి, నాకు భయం వేసింది అక్కడే.

మెదడుకి వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి, కాసేపటికి దానంతటదే కరిగిపోతే ఇలాగే ఉంటుంది. దీన్ని టీఐఏ అంటారు, మినీ స్ట్రోక్ (చిన్నపాటి పక్షవాతం) అని కూడా అంటారు. గడ్డ పోయినా దాన్ని పుట్టించిన కారణం ఒంట్లోనే ఉంటుంది. మెడ దగ్గర నాళం పూడుకుపోయి ఉండొచ్చు, గుండె లయ తప్పుతూ ఉండొచ్చు. దీని తర్వాత పెద్ద స్ట్రోక్ వచ్చే ప్రమాదం మొదటి రెండు రోజుల్లోనే బాగా ఎక్కువ.

మా పెదనాన్నది నరసన్నపేట దగ్గర పల్లె. ఒక సాయంత్రం కల్లం నుంచి వస్తూ ఎడమకాలి చెప్పు ఎక్కడ ఊడిపోయిందో కూడా తెలియకుండా ఇంటిదాకా నడిచొచ్చేశాడు. "ఏటిది, ఒంటి చెప్పుతో వస్తన్నావు?" అని పెద్దమ్మ అడిగితే నవ్వాడు. మూతి ఒక పక్కే కదిలింది. మంచినీళ్లిస్తే సగం ఎడమ పక్క నుంచి చొక్కా మీదకి కారిపోయాయి. అప్పటికే వాకిట్లో జనం పోగయ్యారు. గాలి సోకిందని ఒకరు, పావురం రక్తం రాయాలని ఇంకొకరు. (ఈ పావురం వైద్యం మన జిల్లాల్ని ఎప్పుడు వదులుతుందో!) మా వదిన ఇవేవీ చెవిన పెట్టకుండా 108కి ఫోన్ చేసింది.

ఆసుపత్రిలో డాక్టరు గారు పదేపదే అడిగింది ఒక్కటే: ఆయన పూర్తిగా బాగున్నప్పుడు ఆఖరిసారి ఎవరు చూశారు, ఎన్నింటికి? కల్లంలో ఆయనతో కలిసి బస్తాలెత్తిన కుర్రాడికి వదిన అక్కడి నుంచే ఫోన్ చేసింది. ఐదింటికి బాగానే ఉన్నాడని చెప్పాడు. లెక్క అక్కడి నుంచే మొదలైంది. ఎందుకంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అదీ సీటీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని చూశాకే. పెదనాన్నకి టైముకి పడింది. ఇప్పుడు నడుస్తాడు, మాట స్పష్టం. ఎడమచేత్తో చొక్కా బొత్తాం మాత్రం పెట్టుకోలేడు.

నిద్ర లేచేసరికే మూతి వంకర పోయి ఉంటే, పడుకున్నప్పటి టైము చెప్పాలి. టైము దాటిపోయిందిలే అని ఇంట్లో ఉండిపోకండి. పెద్ద నాళంలో గడ్డ ఉంటే కొందరికి 24 గంటల వరకూ దాన్ని లాగి తీసే అవకాశం ఉంది. అయితే దానికి విశాఖ వెళ్లాల్సి రావచ్చు.

ఇప్పుడే నాన్నగారికి వీడియో కాల్ చేయండి. పళ్లు కనిపించేలా నవ్వమనండి. కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకి చాపమనండి, ఒకటి కిందికి జారుతోందేమో చూడండి. ఇంటిపేరు, ఊరిపేరు చెప్పమనండి. ఉన్నట్టుండి చూపు మసకబారినా, తూలి పడబోయినా అదే లెక్క. వీటిలో ఏ తేడా కనిపించినా 108కి ఫోన్ చేయించండి. అన్నీ బాగున్నా కారు మాట్లాడి పంపండి, ఆయన్ని మాత్రం బండి నడపనివ్వకండి. రాజాం నుంచి శ్రీకాకుళమైనా, విజయనగరమైనా దారిలోనే చాలా టైము పోతుంది. అందుకని ముందే ఫోన్ చేసి, ఇప్పుడు సీటీ తీస్తారా, స్ట్రోక్ ఇంజెక్షన్ ఉందా అని అడగండి. లేదంటే ఇంకో చోటికి.

దారిలో మళ్లీ మాట తడబడితే మంచినీళ్లు, టీ, మాత్రలు ఏవీ నోట్లో పోయొద్దు. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ కూడా స్కాన్ అయ్యేదాకా వద్దు, లోపల రక్తస్రావం ఉంటే అదే ప్రమాదం. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెడతామంటే ఒప్పుకోకండి. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకి అందే ఆ కాస్త రక్తమూ అందదు. వాంతి అవుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టమనండి.

వెంట వెళ్లేవాళ్లకి ఇంకో మాట చెప్పండి. "నీరసంగా ఉంది" అంటే అక్కడా సెలైనే పెడతారు. "మాట ముద్దయింది, కుడిచెయ్యి లేవలేదు, ఇన్నింటికి మొదలై ఇన్నింటికి తగ్గింది" అని చెప్పాలి. వాడే మందుల చీటీలు పట్టుకెళ్లాలి. షుగర్ పడిపోయినా ఇలాంటి లక్షణాలే రావచ్చు కాబట్టి అదీ చూస్తారు. సీటీ నార్మల్ అన్నారని వెంటనే వెనక్కి తీసుకొచ్చేయొద్దు, మినీ స్ట్రోక్‌లో సీటీ చాలాసార్లు నార్మల్‌గానే వస్తుంది. ఈసీజీ, మెడ నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ ఎప్పుడు తీస్తారో అడిగి, న్యూరాలజీ డాక్టరు చూసేదాకా అక్కడే ఉండమనండి.