కొండలు కొలిచినవాళ్ల గురించి చదువుతున్న నా మేనకోడలికి

బిడ్డా,

గ్రూప్స్‌కు చదవాల్సిన టైంలో హిమాలయాలను మొదట ఎవరు కొలిచారో చదువుకుంటూ కూర్చున్నావని పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. గట్టిగా చెప్తానన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వొచ్చింది, మేనమామ పోలిక ఎక్కడికి పోతుంది!

అట్లాసు పక్కన పెట్టుకో. అడుగులు, మీటర్లు కలిపెయ్యకు. ఇవి నీకు తెలిసినవే.

ములుగు దగ్గర బడిలో కొత్తగా చేరిన రోజుల్లో, ఇండియా సర్వేకు పెద్దగా పనిచేసిన బ్రిటిష్ ఎవరెస్ట్ దొర స్వయంగా పోయి ఎవరెస్ట్ శిఖరాన్ని కనిపెట్టి కొలిచాడని, అందుకే ఆ పేరని ఏడో తరగతికి దర్జాగా చెప్పాను. చివరి బెంచీ పిల్లగాడు లేచి "ఎక్కకుండ ఎట్ల కొలిచిండ్రు సారూ?" అన్నాడు. నాకు తెలియదు. తెలియదనడానికి నామోషీ. "కూసోరా, పరీక్షల రాదు" అని కసిరాను. చాలా ఏళ్లకు చదివితే, ఆ దొర 1843లోనే రిటైరై వెళ్లిపోయాడట! ఆ తర్వాత సర్వేవాళ్లు హిమాలయాల కింది తెరాయి మైదానాల్లో నిలబడి, వంద మైళ్లకు పైగా దూరం నుంచి థియోడలైటు అనే కోణాలు కొలిచే పరికరంతో లెక్కలు తీసుకున్నారు, గాలిలో వెలుగు వంగే తేడా సరిచేశారు, బెంగాలీ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దార్ లాంటివాళ్లు లెక్కలు కట్టారు, 1856లో 29,002 అడుగులని ప్రకటించారు. అప్పటిదాకా అది ఉత్త పదిహేనో నంబరు శిఖరం. నా పేరు ఇక్కడివాళ్ల నోరు తిరగదు, వద్దని ఎవరెస్టే అన్నా 1865లో అదే ఖాయం చేశారు. కోణాలతో ఎత్తు కట్టారని ఒక్క మాట చెప్తే ఆ పిల్లగాడికి సరిపోయేది. ఆ ఏడాదంతా వాడు మళ్లీ చెయ్యి ఎత్తలేదు. ఇప్పుడు ఎక్కడున్నాడో.

నైన్ సింగ్ రావత్ దగ్గరికి వచ్చాక మాత్రం తొందరపడకు. ఆయనా నాలాగే బడిపంతులు, కాకపోతే నాకన్నా చాలా గట్టివాడు. బయటివాళ్లను రానివ్వని టిబెట్‌ను కొలవడానికి సర్వేవాళ్లు ఆయన్ను వేషం మార్చి రహస్యంగా పంపారు. 108 పూసలుండాల్సిన జపమాలలో 100 పూసలే పెట్టుకుని, నడకలో నూరు అంగలకో పూస జరుపుతూ, బౌద్ధులు తిప్పే ప్రార్థన చక్రంలో లెక్కల చీటీలు దాచి, 1866లో లాసా చేరాడు. ఎత్తుకు పోయేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కదా, ఎంత వేడికి మరుగుతాయో చూసి ఎత్తు కట్టేవాడు. ఇది చదివి నేను మన వంటింట్లో థర్మామీటరు పగలగొట్టాను, మీ అత్తయ్యను అడుగు.

నా టెన్షన్ వేరే. చదివి చదివి ఒకరోజు బ్యాగు సర్దుకుంటావు. ఎవరెస్ట్ దొరను కూడా మంచు ఏం చెయ్యలేదు బిడ్డా, మన కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో జ్వరమే పడగొట్టింది, 1820లో కోలుకోవడానికి ఆఫ్రికా చివర కేప్‌కు పోయాడు. ఏటూరునాగారం నుంచి జ్వరంతో వచ్చిన మా తమ్ముణ్ని ఎంజీఎం ఆసుపత్రికి మోసుకుపోయిన రాత్రి నాకింకా గుర్తే. దోమతెర ఒకటి పంపిస్తున్నాను. హాస్టల్‌లోనే కట్టుకో. నవ్వకు.

మీ మామయ్య